రేకు గొట్టం

చెయ్యాల్సిన పనులు ఇవి. ఏడింటికల్లా లేవడం. నీళ్ళు మరక్కముందే దించి ఫ్లాస్కులో పోసుకోవడం. మరిగిన నీళ్ళు పోస్తే, టీలా తాగే మాతే ఆకు మాడి చేదెక్కుతుందని నాన్న అరిచేవాడు. థర్మామీటరు. నాన్న పెట్టెలోంచి స్క్రూడ్రైవర్లు రెండు, రెంచి, గుడ్డ పీలికలు, టార్చి. ప్లగ్గులు మళ్ళీ చూడక్కర్లేదు, మూడుసార్లు చూసింది. దోన్ బౌదీలియో గేటు బయటే నిలబడి, ఇక్కడి పద్ధతిలో పిలుపుగా చప్పట్లు కొట్టడం, ఆయన వచ్చి గడియ తీసేదాకా లోపల అడుగు పెట్టకపోవడం. సరస్సు మీది పొగమంచు విడిపోకముందే రోడ్డెక్కడం. అరవై దాటకపోవడం, అరవైకి తగ్గకపోవడం. చేతిగడియారం ఆయన చేతికివ్వడం. మలుపులో ఆగకపోవడం, ఏమైనా సరే ఆగకపోవడం. ఆగాక పరిగెత్తడం. ఆఖరిది, భయపడకపోవడం. మిగతావన్నీ పెన్నుతో రాసింది, అదొక్కటి పెన్సిలుతో రాసింది, అవసరమైతే చెరిపెయ్యొచ్చని.

ఇప్పుడు చెరపాలనిపిస్తోంది ఒతీలియా లెదెస్మాకి. రెండు చేతులూ ఎర్ర కూపే కారు స్టీరింగు మీదున్నాయి. పక్క సీట్లో దోన్ బౌదీలియో, చేతికర్ర మోకాళ్ళ మధ్య, గడియారం ఆ కర్ర పిడికి చుట్టుకుని, అద్దంలోంచి ముందుకే చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు సరస్సు మీద ప్రయాణికుల లాంచీ నడిపినవాడు, రోడ్డును కూడా నీళ్ళను చూసినట్టే చూస్తాడు, ఎప్పుడేం చేస్తుందో అని. ఇంజను మెత్తగా తిరుగుతోంది. ఆరు సిలిండర్లూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నడుస్తున్నట్టుంది. పాతికేళ్ళ బండి. ఒక్క మిస్సింగు లేదు, ఒక్క దగ్గు లేదు. ఊరి చివరి ఇళ్ళు వెనక్కి పోయాయి, చిమ్నీల పొగ నేలకి దిగి రోడ్డు మీదే పాకుతోంది, గాలి అంత బరువుగా ఉంది. థర్మామీటరు మూడు డిగ్రీలు. ఇంతకంటే చలైతే గాలి ఎండిపోతుంది, కుదరదు. ఇంతే కావాలి. తడి కావాలి. ఈ వారమంతా ఇలాంటి పొద్దు కోసమే చూసింది, తీరా వచ్చాక నోట్లో తడారిపోయింది.

"ఏదీ, దగ్గట్లేదే," అన్నాడాయన. "మీ నాన్న కూడా మా ఆవిడతో ఇదే పాట. బండి బంగారం దోన్యా, మీరే ఊరికే బెదురుతున్నారు అని."

"ఇంకా పొగమంచులోకి దిగలేదు కదండీ."

"ఇంజినీరమ్మ చెప్తే సరే మరి."

ఆ మాట ఆయన వెటకారానికే అన్నాడు, కానీ అది నాన్న మాట. ఊళ్ళో ఎవరు ఎదురుపడినా మా ఇంజినీరమ్మ వచ్చింది, మా ఇంజినీరమ్మ మెన్దోసాలో చదువుతోంది అని, జిడ్డు చేతుల్ని ముందు గుడ్డకి తుడుచుకుని మరీ చెప్పేవాడు, ఆ మాటకి మరక అంటుతుందేమోనన్నట్టు. నికానోర్ లెదెస్మా. ఉత్తరాన సాన్తియాగోలో పుట్టినవాడు, చలికాలంలో కూడా చొక్కా విప్పుకుని పడుకునే ఊళ్ళో. ముప్ఫయ్యో ఏట ఇక్కడికొచ్చి మంచును మొదటిసారి చూసి, ఇదేంటి ఆకాశం ఊడిపోతోందా అన్నాడట. మూడో తరగతి దాకా చదివాడు. బండి జబ్బు మాత్రం చెవితో పట్టేవాడు. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి, మొన ఇంజను మీద పెట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ చెవికే ఈ బండి అబద్ధం చెప్పింది. షెడ్డులో వెచ్చగా స్టవ్వు వెలుగుతుండగా స్టార్టు చేస్తే ఎంత రేసింగ్ ఇచ్చినా పాడుతూనే ఉండేది. దోన్ బౌదీలియో భార్య హెర్మీనియా గారు రెండుసార్లు తీసుకొచ్చారు మూడేళ్ళ కిందటి చలికాలం, చెరువులోకి దిగిన గేదెలా నీలుగుతోంది నికానోర్, ఎక్కడ ఆగుతుందోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తున్నాను అని. రెండుసార్లూ ఆయన విన్నాడు, చూశాడు, ఏమీ లేదన్నాడు. మూడోసారి ఆమె రాలేదు. అంగొస్తూరా ఊరి బడిలో పిల్లలకి పాటలు నేర్పడానికి పోతూ పొగమంచులో మలుపు దగ్గర బండి ఆగిపోతే, దిగి బానెట్ ఎత్తింది. వెనక దుంగల లారీ, బండిని తప్పించబోయి ఆమెని కొట్టింది. పోలీసులు వచ్చి తాళం తిప్పితే ఒక్క తిప్పుకి స్టార్టయింది. బండికి ఏ లోపమూ లేదని కాగితం మీద రాసుకున్నారు. ఊరు మాత్రం మరోటి రాసుకుంది, కాగితం లేకుండా. నికానోర్‌కి చెవుడొచ్చింది. నికానోర్ పని చెయ్యకుండా చేశానంటాడు. నికానోర్ చంపాడు.

రోడ్డు సరస్సు పక్కకి తిరిగింది. ఎదర తెల్లగా గోడ. బండి ఆ గోడలోకి పోయింది. లైట్లు వేసింది. చెట్లు ఒక్కొక్కటే పక్కకొచ్చి మొహం చూపించి పోతున్నాయి. అరవై. ఆక్సిలరేటరు మీద కాలు అలా ఆనించి ఉంచాలి, తొక్కకూడదు, తియ్యకూడదు, హెర్మీనియా గారు నడిపినట్టే నడపాలి. దేనికి భయం? బండి ఆగిపోతుందనా? ఆగుతుంది, ఆగాలి, అందుకేగా వచ్చింది. ఆగకపోతే? ఆగకపోతే సోమవారం ఈయన మనవరాలు అసుంత ఈ బండెక్కి ఇదే రోడ్డున పోతుంది, నాన్నమ్మ చోట అదే బడిలో ఉద్యోగం. ఇరవై రెండేళ్ళ పిల్ల. నాన్నమ్మ బండి నాన్నమ్మ బండే అని మొండికేసి కూచుంది. ఆగకపోతే ఒతీలియా ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి అందరి ముందూ, మా నాన్న అబద్ధమాడాడు అని తన నోటితో చెప్పాలి. ఆ షరతు మీదే ఆయన తాళం ఇచ్చాడు. నువ్వు చెప్పు, మీ నాన్న చెయ్యని పని నువ్వు చెయ్యి, అన్నాడు గేటు అవతల నిలబడి. నాన్న ఏప్రిల్లో పోయాడు. గుండె. పనిచేసే బల్ల మీద తల ఆనించి, నిద్రపోయినట్టు. ఆయన చివరి ఏడాదిన్నరలో ఆయన షెడ్డుకి వచ్చిన బళ్ళు పదకొండు. సరే, ఆగితే ఒక భయం, ఆగకపోతే ఒక భయం. మూడోది ఇంకోటుంది. దాని వైపు చూడకూడదు. అది సంచిలో ఉంది. నాన్న పెట్టె అడుగున, పాత వార్తాపత్రికలో చుట్టి, సుతిలి తాడుతో కట్టి ఉన్న రేకు గొట్టం. రాత్రి పనిముట్లు తీస్తుంటే చేతికి తగిలింది. తీసి పక్కన పెట్టింది, మళ్ళీ తీసి సంచిలో వేసుకుంది. ఎందుకో తెలియదు. తెలుసు. తెలియదు. అరవై, అరవై, ముల్లు చూడు.

వారం రోజులు దోన్ బౌదీలియో షెడ్డులో ఈ బండి పొట్టలో తలపెట్టుకుని పడుంది. ప్లగ్గులు బిస్కట్టు రంగులో ఉన్నాయి, ఉండాల్సినట్టే. పాయింట్లు శుభ్రం. వైర్లు కొత్తవి వేసింది. టైమింగు సరిగ్గా ఉంది. కంప్రెషన్ ఆరింటికీ ఇంచుమించు ఒకటే. పెట్రోలు పంపు బాగానే కొడుతోంది. గాజుసీసాలో పెట్రోలు పట్టి ఒక రాత్రంతా పెడితే అడుగున చుక్క నీరు దిగలేదు. చోక్ పూర్తిగా తెరుచుకుంటోంది. జబ్బున్న మనిషి డాక్టరు ముందు నవ్వుతూ కూచున్నట్టు కూచుంది బండి. అప్పుడు కూచుని ప్రశ్నలు రాసుకుంది, కాలేజీలో నేర్పినట్టు. చలిలోనే ఎందుకు? తడి ఉంటేనే ఎందుకు? ఇంజను వేడెక్కాక కూడా ఎందుకు? ఒకే వేగంతో పావుగంట పోయాకే ఎందుకు? ఆగిన కాసేపటికి మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఎందుకు? ఐదు ప్రశ్నలకీ ఒకటే జవాబుండాలి. ఆ జవాబు ఎక్కడో చదివింది. లావుపాటి పుస్తకంలో, విమానాల అధ్యాయంలో, పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుందనీ, గాలీ పెట్రోలూ కలిసే కార్బొరేటరు గొంతులో తడిగాలి గడ్డకడుతుందనీ. పరీక్షకి రాదులే అని ఆ పేజీలు తిప్పేసింది. గొంతులో మంచు. దొంగ లాంటిది, పని చేసి కరిగిపోతుంది. పోలీసులు వచ్చేసరికి ఉండదు. షెడ్డుకి చేరేసరికి అసలే ఉండదు. అది ఉండగా చూడాలి, ఈయన చేత చూపించాలి. అందుకే పరిగెత్తాలి. కానీ కార్లలో అలా జరక్కుండా ఏర్పాటుంటుంది కదా, సైలెన్సరుకి పోయే వేడి గొట్టం మీంచి వెచ్చటి గాలిని లాక్కొచ్చి... ముల్లు చూడు. యాభై ఎనిమిది. కాలు తియ్యలేదే. తను కాలు తియ్యలేదు.

మొదటి దగ్గు చాలా చిన్నది. నిద్రలో పిల్లవాడు దగ్గినట్టు. దోన్ బౌదీలియో కర్ర మీది చేతివేళ్ళు బిగుసుకున్నాయి.

"ఇదేనా?"

"ఇదేనండీ."

"ఇలాగే అనేది. మా ఆవిడ. ముందు చిన్నగా దగ్గుతుందనేది." ఆయన గొంతులో వెటకారం పోయింది. "ఆపు. ఆపెయ్ అమ్మాయ్."

"ఇక్కడ పక్కకి దిగే చోటు లేదండీ. మలుపు దాటాక ఉంది."

మలుపు. పొగమంచులోంచి ముందు ఎర్రగుడ్డలు కనిపించాయి, కొమ్మలకి కట్టినవి, తర్వాత జనం మొక్కుగా పెట్టిన నీళ్ళసీసాలు, వరసగా, దాహంతో చచ్చిపోయినవాళ్ళ కోసం, రోడ్డు మీద పోయినవాళ్ళ కోసం. గడచిన రాత్రుల చలికి లోపలి నీళ్ళు గడ్డకట్టి సీసాలు పగిలాయి. వాటి మధ్య చెక్క సిలువ. హెర్మీనియా పేరు. నాన్న ఆదివారాలు ఇక్కడ సీసా పెట్టి వచ్చేవాడని ఎవరో చెప్పారు, ఎవరూ చూడకుండా పెట్టేవాడట, చూస్తే పారేస్తారని. ఇంజను ఇప్పుడు మిస్సింగు కొడుతోంది. మూడు సిలిండర్లు నడుస్తున్నాయి, మూడు పడుకున్నాయి. తొక్కితే పికప్ లేదు, ఇంకా తొక్కితే ఇంకా నీలుగుతోంది. నలభై ఐదు. నలభై. అద్దంలో వెనక రెండు పసుపు కళ్ళు తెరుచుకున్నాయి. లారీ. దుంగల లారీయా? ఏదైతేనేం. హారన్, ఆవు అరుపంత పొడుగ్గా. ముప్ఫై ఐదు. ఇక్కడే ఆమె ఇలాగే కూచుని ఇలాగే తొక్కి ఉంటుంది, ఇదే పెడలు, కాలి కింద ఇదే రబ్బరు, ఆమె బూటుకి అరిగిన రబ్బరు. ఆగకు తల్లీ. నాన్నా, ఎలా? నాన్న అయితే ఏం చేసేవాడు? గేరు తగ్గించు, రేసు పట్టి ఉంచు, క్లచ్చి సగం, చావనివ్వకు. రెండో గేరు. ఇంజను ఏడ్చినట్టు అరిచింది, ఒక్క ఊపు ముందుకి, మళ్ళీ దగ్గు, మళ్ళీ ఊపు. దోన్ బౌదీలియో సరస్సు మీద తుఫానులో ఉన్నట్టు ఏదో ప్రార్థన గొణుగుతున్నాడు. సిలువ కిటికీ పక్కనుంచి నెమ్మదిగా, ఎంత నెమ్మదిగా, వెనక్కి పోయింది. లారీ వెలుగు బండి లోపలంతా నిండింది. రోడ్డు పక్క మట్టి జాగా. తిప్పింది. టైర్లు కంకర మీద కరకరలాడాయి. లారీ పక్కనుంచి కొండ విరిగిపడ్డట్టు పోయింది, దాని గాలికి కూపే ఊగింది, ఇంజను చచ్చిపోయింది.

పరిగెత్తాలి. తలుపు, బానెట్, ఆధారం కడ్డీ. గాలి వడపోత డబ్బా, మెరుపు పూత పూసిన గుండ్రటి డబ్బా, పైన ఒక్కటే మర. వేళ్ళు జారుతున్నాయి. చేతితొడుగు పళ్ళతో లాగి పారేసింది. మర వచ్చింది, మూత వచ్చింది. టార్చి. కార్బొరేటరు గొంతు నిండా తెల్లగా ఉంది. బయట, ఇంజను పక్కనే, చెయ్యి కాలేంత వేడి పక్కనే, ఆ చిన్న లోహపు గొంతు లోపల ఐస్‌పెట్టెలా మంచు గూడు కట్టి, రేకు తలుపు అంచు చుట్టూ వేలు మందం పేరుకుని ఉంది.

"దోన్ బౌదీలియో! రండి! త్వరగా రండి, కరిగిపోతుంది!"

"వస్తున్నానే తల్లీ, ఈ మోకాలు..." కర్ర కంకరలో దిగబడుతోంది. ఆయన బానెట్ మీద ఒక చెయ్యి ఆనించి వంగాడు. ఆమె ఆయన వేలు పట్టుకుని ఆ గొంతులో పెట్టింది. ఆయన వేలు అక్కడే ఉంచాడు. ఉంచి, బయటికి తీసి చూసుకున్నాడు. వేలి చివర తెల్లటి పొడి ఉంది, చూస్తుండగానే నీటిచుక్క అయింది.

"మంచు," అన్నాడు.

"గడియారం చూడండి."

ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. తెలుపు అంచుల్లో ముందు తడి మెరిసింది, తర్వాత ఒక పెళ్ళ ఊడి లోపలికి జారింది. నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగు నిమిషాల తర్వాత అక్కడ ఉత్త తడి లోహం. ఆయన వెళ్ళి సీట్లో కూచుని, తనే తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకి స్టార్టయింది. ఆరు సిలిండర్లూ, భుజాల మీద చేతులేసుకుని. ఆయన తాళం ఆపేసి, స్టీరింగు మీద నుదురు ఆనించాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"మూడుసార్లొచ్చాడు మీ నాన్న. గేటు దగ్గరికి. చేతిలో ఏదో పొట్లం, కాగితంలో చుట్టి. చప్పట్లు కొట్టేవాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూచున్నా. క్షమాపణకి ఏ మిఠాయో తెచ్చాడు, మా ఆవిడ ప్రాణానికి మిఠాయా అనుకున్నా. తీయలేదు గడియ."

సంచి ఆమె కాళ్ళ దగ్గరే ఉంది. సుతిలి ముడి నాన్న ముడి, ఒక్క చివర లాగితే వచ్చేస్తుంది. వార్తాపత్రిక మీద తారీకు చూసింది. ఆ చలికాలపు ఆగస్టు. హెర్మీనియా గారు పోయిన తొమ్మిదో రోజు. లోపల రేకు గొట్టం, తుప్పు గీకి, నూనె రాసి, ఒక చివర కొత్త క్లిప్పు బిగించి ఉంది. ఇక మూడో భయం ఎదురుగా వచ్చి నిలబడింది, తప్పించుకోడానికి చోటు లేదు. ఏడేళ్ళ కిందట జనవరి, ఇక్కడి నడి ఎండాకాలం. ఆమెకి ఇరవై ఏళ్ళు, కాలేజీలో రెండో ఏడు అయ్యి సెలవులకి వచ్చింది. మెన్దోసా నుంచి నాన్నకి బహుమతిగా మెరిసే గాలి వడపోత డబ్బా తెచ్చింది, పందెం కార్లకి పెట్టేది. ఈ కూపే అప్పుడు ఎండాకాలం బండి, హెర్మీనియా గారికి బడి ఉద్యోగం వచ్చేదాకా చలికాలమంతా షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకునేది. సర్వీసుకి నాన్న దగ్గరికొచ్చిన ఈ బండి పాత డబ్బా విప్పి, దానితో పాటే ఉన్న ఈ రేకు గొట్టం కూడా పీకి కింద పడేసింది. నాన్న వంగి తీసుకున్నాడు. ఇది చలికాలానికి కదే, వెచ్చగాలి లాగడానికి పెట్టారు కదే, అన్నాడు. నాన్నా, చల్లగాలి చిక్కన, చిక్కటి గాలైతే పికప్ ఎక్కువ, పుస్తకంలో ఉంది, ఆ రేకు ముక్క దండగ, అంది. ఆయన చేతిలోని గొట్టాన్ని చూశాడు, కూతుర్ని చూశాడు. మూడో తరగతి చదివిన కళ్ళతో, ఎంత మురిసిపోతూ చూశాడో. పుస్తకంలో ఉంటే సరే మరి, అన్నాడు. గొట్టాన్ని మేకుకి తగిలించాడు. ఆ ఇంట్లో పుస్తకం మాటకి ఎదురు మాట లేదు. పుస్తకం కోసం ఆయన రెండు చలికోట్లు కొనుక్కోలేదు, పళ్ళు కట్టించుకోలేదు. అదే పుస్తకంలో ఇంకో అధ్యాయం ఉంది. అది ఆమె పైపైన తిప్పేసింది. ఆయన చేతికి తెలుసు.

తొమ్మిదో రోజుకి ఆయనకి అర్థమయింది. ఒక్క తిప్పుకి స్టార్టయిందన్న మాటతోనే అయుంటుంది. అర్థమయ్యాక ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఎవరు పీకారని అడుగుతారు. అందుకే ఊరు ఏమన్నా వినీ విననట్టు, బండి మళ్ళీ ఎవరూ నడపకముందే ఇది బిగించి రావాలని మూడుసార్లు గేటు దగ్గర చప్పట్లు కొట్టాడు. ఆమెకి ఫోను చేసినప్పుడు మాత్రం, ఇక్కడ బాగా చలేసింది ఇంజినీరమ్మా, అక్కడ వేడన్నం తింటున్నావా, అనేవాడు.

చెప్పకుండా ఉండొచ్చు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని అబద్ధం ఎందుకు. గొట్టం బిగించి, ఏదో ఊడిపోయిందండీ, ఎవరి తప్పూ కాదండీ అంటే ఈయన నమ్ముతాడు. నాన్న అదే కోరుకున్నాడు. నాన్న అందుకే చచ్చిపోయాడు. గొట్టం ఒక చివర వేడి పైపు మీది తొడుగుకి పెట్టింది. ఇంకో చివరకి ఆ మెరిసే డబ్బాలో చోటు లేదు. మూతని రెంచితో వంచి, సందు చేసి, దూర్చి, క్లిప్పు తిప్పింది. మెరుపు పూత పెచ్చులూడింది. తర్వాత తల ఎత్తింది.

"ఇది నేను పీకానండీ. మా నాన్న వద్దన్నాడు. నాకు తెలుసన్నాను. ఆయన కాదు. నేను."

ఆయన ఆమెను చూశాడు. పొగమంచులోంచి చెట్టు దగ్గరికొచ్చి మొహం చూపించినట్టుగా ఉంది ఆ చూపు. కర్ర ఎత్తుతాడేమో అనుకుంది, ఎత్తినా నిలబడాలనుకుంది. దూరంగా ఇంకో లారీ మలుపెక్కుతున్న చప్పుడు.

"తెలిసే పట్టుకొచ్చాడు పొట్లం," అన్నాడు చివరికి, తనలో తనే. "కిటికీ దగ్గరే కూచున్నాను. చలిలో గంటసేపు నిలబడ్డాడు. పోరా దొంగా అనుకున్నా." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఎక్కు. ఇంకోసారి మలుపు దాటించు. అసుంత ఎక్కేముందు నేను చూడాలి."

వెనక్కి తిప్పి, పట్టణం వైపు పావుగంట పోయి, మళ్ళీ తిరిగి అదే తెల్లగోడలోకి దిగారు. అరవై. ఆక్సిలరేటరు మీద కాలు ఆనించి. ప్రతి క్షణం ఆమె చెవి దగ్గు కోసం వింటూనే ఉంది. ఇక ఎప్పటికీ వింటూనే ఉంటుందని ఆమెకి తెలుసు, ఏ బండిలోనైనా. ఎర్రగుడ్డలు వచ్చాయి, సీసాలు వచ్చాయి, సిలువ వచ్చింది, పోయింది. ముల్లు కదల్లేదు. మట్టి జాగాలో బండి ఆపితే ఇంజను ఆగకుండా గుర్రు పెడుతోంది. దోన్ బౌదీలియో ఫ్లాస్కు తీశాడు. మాతే తాగే సొరబుర్రలో ఆకు పోసి, నీళ్ళు వంచి, మొదటిది చేదెక్కువని తను పీల్చి ఉమ్మేసి, రెండోది నింపి ఆమెకి అందించాడు. మూడేళ్ళుగా లెదెస్మా ఇంటివాళ్ళ చేతికి ఆయన గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వలేదు. ఆమె బుర్రలోని సన్నటి లోహపు పుల్లతో పీల్చింది. చేదు, వేడి. కళ్ళలోంచి కారుతుంటే కారనిచ్చింది.

"క్షమించానని కాదు," అన్నాడాయన కిటికీ వైపు చూస్తూ. "తాగు. చల్లారిపోతుంది."

ఆదివారం చర్చి మెట్ల మీద చెప్పాల్సింది ఆమె చెప్పింది, గొట్టం పీకింది తనేనని, తన పేరుతో సహా. ఊరు కొంత విన్నది, కొంత విననట్టు పోయింది. అసుంత సోమవారం బడికెళ్ళింది. ఇది చదివిన మీరు ఒక్క పని చెయ్యండి. తడిచలి పొద్దున మీ పాత బండి ఎక్కడైనా దగ్గితే, బానెట్ ఎత్తే ముందు రోడ్డు దిగండి. దిగాక హెర్మీనియాని తలుచుకోండి. చేతికి తెలిసినదాన్ని బిడ్డ చదువు కోసం మేకుకి తగిలించి, తర్వాత దాన్ని కాగితంలో చుట్టుకుని, తెరవని గేటు దగ్గర చప్పట్లు కొట్టిన నికానోర్ లెదెస్మా అనే మెకానిక్కుని కూడా తలుచుకోండి. ఆయన పేరు మర్చిపోకండి.